తెరమీద చూచినది ప్రత్యక్షమగునా?

కంటితో చూచినది నిజమనియు, చెవితో విన్నది విచారించి నమ్మవలసినదనియు మన పెద్దలు చెప్పుచుందురు. అయితే కంటికి కనుపించునదే యైనను, అది ఎవరో దూరదేశమున కూర్చుండి వ్రాసిన లెక్క ననుసరించి కదలెడి బొమ్మ యైనచో, దానిని మనము చూచినట్లా, విన్నట్లా? ఇట్టి ప్రశ్న శాస్త్రుల సభలో పుట్టవలసినదిగా తోచును. కాని నేడిది కామాఠీపురపు గల్లీలలోను, వర్లీ, లోయర్ పరేలు ప్రాంతముల చాల్‌లలోను, పదవ తరగతి పిల్లలున్న ప్రతి ఇంటను పుట్టుచున్నది. పిల్లలు ఫోను చేతబట్టి భౌతికశాస్త్రము నేర్చుకొనుచున్నామని చెప్పుచున్నారు. అది నేర్చుకొనుటయేనా, లేక నేర్చుకొన్నట్లు తోచుటయా అని పెద్దలు సంశయించుచున్నారు. ఆ సంశయము తోసివేయదగినది కాదు. అట్లని పిల్లల చేతినుండి ఫోను లాగికొనుటకు అది చాలిన కారణమును కాదు.

ముందుగా ఈ వస్తువేమో చెప్పవలసియున్నది. ఏలనన మా తరమువారిలో చాలమంది దీనిని వీడియో ఆటయని తలచి పిల్లలను మందలించుచున్నారు. ఇంగ్లీషువారు దీనిని సిమ్యులేషన్ అందురు. ప్రకృతి నియమ మొకదానిని గణితసూత్రముగా యంత్రమునకు తెలిపి, ఆ సూత్రము ప్రకారము తెరమీద బొమ్మను నడిపింతురు. సినిమా బొమ్మ మనము చూచినను చూడకున్నను ఒకే తీరున నడచును. ఈ బొమ్మ మనము మార్చిన కొలది మారును. లోలకపు దారమును పొడిగించితిమా, ఊపు నెమ్మదించును. భూమిని తీసి చంద్రుని పెట్టితిమా, అదే లోలకము ఇంచుమించు రెండున్నర రెట్లు మెల్లగా ఊగును. ఘర్షణను బొత్తిగా తొలగించితిమా, ఊపు ఎన్నటికిని ఆగదు. ఇట్టి కదలుబొమ్మలను లోకమునకు ఉచితముగా నిచ్చుచున్నవారిలో మిక్కిలి పేరుగన్నది అమెరికాలో బౌల్డరు నగరమునందలి కొలరాడో విశ్వవిద్యాలయమువారి ‘ఫెట్’. దానిని 2002లో నెలకొల్పిన కార్ల్ వీమన్ అంతకు ముందటి సంవత్సరమే భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందినవాడు. ఇవిగాక పాఠములు కలవు. మన ఐ.ఐ.టి.లవారు 2003 నుండి ‘ఎన్.పి.టి.ఇ.ఎల్.’ అను పేర తమ ఉపన్యాసములను అందరికి తెరచియుంచిరి. కేంద్ర ప్రభుత్వము 2017లో ‘స్వయం’ నారంభించెను. ఫైన్‌మన్ పండితుడు 1961–63 సంవత్సరములలో కాలిఫోర్నియాలో చెప్పిన పాఠములు నేడు కాణీ ఖర్చులేక మొదటినుండి చివరివరకు చదువుకొనవచ్చును.

ఇక ప్రశ్నకు వత్తము. మన నైయాయికులు ప్రమాణములు నాలుగని చెప్పిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. పొగను కన్నులార చూచుట ప్రత్యక్షము. పొగనుబట్టి కొండమీద నిప్పున్నదని తెలిసికొనుట అనుమానము. నమ్మదగినవాడు వచ్చి ‘అక్కడ నిప్పున్నది’ అని చెప్పగా తెలిసికొనుట శబ్దము. తెరమీది లోలకము వీనిలో దేనిక్రిందికి వచ్చును? కంటికి కనుపించుచున్నది గనుక ప్రత్యక్షమని పిల్లలందురు. నాకు అట్లు తోచదు. అక్కడ ఊగునది లోలకము కాదు, వెలుగుచుక్కలు మాత్రమే. ఆ చుక్కలు ఎక్కడ వెలుగవలెనో నిర్ణయించినది ఒక సూత్రము. ఆ సూత్రమును వ్రాసినవాడు ఆప్తుడని మనము నమ్మితిమి; అనగా మొదలు శబ్దము. ఆ సూత్రమునుండి ఇట్టి పొడవునకు ఇంత కాలము పట్టునని యంత్రము క్షణములో లెక్కకట్టెను, అది అనుమానము. శబ్దము తెచ్చిన బియ్యమును అనుమానము వండి, ప్రత్యక్షమను విస్తరిలో వడ్డించినట్లున్నది ఈ వ్యవహారము. వంట రుచిగనే యుండవచ్చును. బియ్య మెక్కడిదో మరువరాదు.

మన పల్లెలలో తోలుబొమ్మలాట ఆడునప్పుడు తెరమీద రావణుడు ఎంత గర్జించినను, ఎన్ని బాణములు వేసినను, తెల్లవారులోపల చచ్చి తీరును. ఏ యూరిలోను, ఏ రాత్రియు అతడు గెలిచిన వార్త లేదు. బొమ్మలాడించువాడు కథ నెరిగియున్నాడు గనుక. కదలుబొమ్మల సంగతియు కొంత ఇంతే. చూచు పిల్లవానికి అది ఆశ్చర్యము కలిగింపవచ్చును. ఒక్కొక్కప్పుడు సూత్రము వ్రాసినవానికే, తాను ఊహింపని ఫలితము లెక్కలోనుండి బయటపడి ఆశ్చర్యము కలిగించుటయు కలదు. కాని అతడు వ్రాసిన సూత్రమే తప్పని మాత్రము అది ఎన్నటికిని చెప్పజాలదు. ఆ మాట చెప్పగల శక్తి ప్రకృతి కొక్కదానికే కలదు.

దీనికి చరిత్రలో మంచి నిదర్శనమున్నది. 1672లో జాన్ రిషే అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పారిసునుండి దక్షిణ అమెరికాలోని కయెన్ అను చోటికి, భూమధ్యరేఖకు చేరువకు, వెళ్లెను. పారిసులో సరిగా నడచిన లోలకపు గడియారము అక్కడ దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడజొచ్చెను. దానిని సరిచేయుటకు లోలకమును కొంచెము పొట్టిచేయవలసివచ్చెను. భూమి ఆకర్షణ అన్ని చోట్ల సమానము కాదను సంగతి ఆ విధముగా లోకమునకు తెలిసెను. భూమి ధ్రువములవద్ద కొంచెము నొక్కుకొని, నడుమ ఉబ్బియున్నదని న్యూటను వాదించుటకు ఇది తోడ్పడెను. ఆనాడే పారిసు పండితులు ఒక కదలుబొమ్మను చేసి రిషే చేతికిచ్చియుండినచో, అది కయెన్‌లోను పారిసు కాలమునే చూపియుండెడిది. తప్పు దొరికెడిది కాదు. తప్పుతోపాటు సత్యమును దొరికెడిది కాదు.

ఇంతవరకు చదివినవారు నేను ఈ కొత్త విద్యకు విరోధినని అనుకొందురేమో. కాదు. మా చాల్‌లో జరిగిన చిన్న సంగతి నొకదానిని చెప్పెదను.

దానికి ముందు ఒక మాట. మన కామాఠీలు ఈ నగరమునకు వచ్చినది నిర్మాణపు పనికి. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట సముద్రపు పోటు నడ్డగించిన పిమ్మట ఎండిన పల్లపు నేలలలో ఈ పేట వెలసెను. నిజాము సీమనుండి వచ్చిన కూలివారి పేరే దానికి నిలిచెను. లోకము ఈ పేటను వేరొక కారణమున ఎరుగును. పదునాలుగు గల్లీలలో కాపురముండి, దేవాలయములు కట్టి, పిల్లలను చదివించుకొన్న కుటుంబముల సంగతి లోకమున కంతగా పట్టదు. వారి ముల్లెలో తాపి, రసమట్టము, దారమునకు వ్రేలాడు ఇనుపగుండు ఉండెడివి. గోడ నిటారుగా లేచుచున్నదా లేదా అని గుండు వ్రేలాడదీసి చూచు మేస్త్రికి గురుత్వాకర్షణ అను పదము తెలియదు. అది యెటు లాగునో అతనికి తెలిసినంత నిశ్చయముగా ఏ పట్టభద్రునికిని తెలియదు. ఆ గుండు ఊగుట మానువరకు ఓపికపట్టుట అతని మొదటి పాఠము. ఊగుచున్నంతసేపు అది లోలకము, ఊపు నిలిచినచో కొలమానము.

మా అంతస్తులో పదవ తరగతి చదువు బాలిక యొకతె తెరమీది లోలకముతో పాఠము నేర్చుకొనుచుండెను. ఒక మీటరు దారము, పది ఊపులు. తెర చూపిన కాలము ఇరువది సెకనుల పైన ఒక పదియవవంతు. ఆమె తాత పూర్వము తాపీపని చేసినవాడు. ఆయన పెట్టెలోని గుండును తీసి, కొలబద్దతో మీటరు దారము కొలిచి, గ్యాలరీ కమ్మికి కట్టి ఊపెను. ఫోనులోని గడియారముతోనే కాలము చూచెను. 20.6 వచ్చెను. మరల చేసెను. అయిదు మారులు చేసెను. ఒకటి రెండు పదియవవంతుల తేడాతో అంతే. అర సెకను ఎక్కడినుండి వచ్చినది?

“దారమే తప్పు” అని బాలిక తేల్చెను. “ఫోను తప్పు చెప్తదా తాతా?”

“గుండు అబద్ధమాడదు బిడ్డా,” అని వృద్ధుడు అనెను. కొంతసేపు ఊరకుండి, “యాడికెళ్ళి యాడిదాంక కొలిసినవ్?” అని అడిగెను.

ముడినుండి ముడివరకు కొలిచితినని ఆమె చెప్పెను. గుండు నాలుగంగుళముల పొడవుగలది. దాని బరువు కేంద్రీకరించిన చోటు ముడికి అయిదు సెంటీమీటర్లు క్రిందనున్నది. లోలకపు పొడవు కమ్మినుండి ఆ చోటివరకు లెక్కింపవలెను. అప్పుడది మీటరు కాదు, ఒక మీటరు అయిదు సెంటీమీటర్లు. తెరమీది బొమ్మలో దారము మీటరునకు మించి పొడిగింపబడదు గనుక, ఆమె నిజపు దారమునే అయిదు సెంటీమీటర్లు తగ్గించి కట్టెను. కాలము సరిపోయెను. (బొంబాయి భూమధ్యరేఖకు ఐరోపాకంటె దగ్గరగా నున్నందున ఇక్కడి ఆకర్షణ పాఠ్యపుస్తకములోని 9.81కి కొంచెము తక్కువ, సుమారు 9.79. కాని ఆ తేడా పది ఊపులలో సెకనునకు రెండు మూడు వందలవంతులు మాత్రమే. ఫోను గడియారమును వ్రేలితో నొక్కి పట్టుకొనదగినది కాదు. రిషే గడియారము దినములతరబడి నడచినది గనుకనే అతనికి అది చిక్కినది.)

ఇందులో ఎవరు తప్పు? ఫోను తప్పు చెప్పలేదు, గుండును అబద్ధమాడలేదు. పొడవు అను మాటకు అర్థము తనకు తెలియునని బాలిక అనుకొనుటలో మాత్రమే లోపమున్నది. నాకు ముఖ్యముగా తోచినదేమనగా, ఆ లోపము తెరమీద ఎన్ని దినములు ఆడుకొన్నను బయటపడెడిది కాదు. తెరమీద పొడవు అంకెగా సిద్ధముగ నుండును, కొలువనక్కరలేదు. వట్టి గుండుతో ఆడుకొన్నను బయటపడెడిది కాదు, 20.6 సెకనులు రావలసినదా కాదా అని చెప్పు రెండవ సాక్షి లేడు. సాక్షులిద్దరు భిన్నముగా పలికినప్పుడే విచారణ అవసరమైనది. అందుచేత తెరమీద చూచినది ప్రత్యక్షము కాదని నేనంటిని గాని, నిరుపయోగమని అనలేదు. ప్రత్యక్షమును ప్రశ్నించుటకు అది మంచి ప్రతివాది. ఒక్క షరతు: వాది కూడ సభలో ఉండవలెను. వర్లీలో 1985 నుండి నెహ్రూ విజ్ఞానకేంద్రము కలదు. మాన్‌ఖుర్దులో 1974లో ఏర్పడిన హోమీ భాభా విజ్ఞానవిద్యా కేంద్రము కలదు. వానినన్నిటిని మించి ప్రతి ఇంట దారము కలదు.

మరియొక సంగతి. మేము మెట్రిక్ చదువునాడు ప్రయోగశాల అనగా ఒక అద్దాల బీరువా. దానికి తాళము. ఏడాదికి రెండు మూడు మారులు మాష్టారు తీసి చూపి, “పగులగొట్టుదురు, దూరముగ నిలువుడు” అని మరల మూసెడివారు. సామాను ఖరీదైనది, వారిని తప్పుపట్టలేము. దాని ఫలితముగా ఒక తరమునకు తరము భౌతికశాస్త్రము దూరమునుండి చూచి నమస్కరింపదగిన విగ్రహమని నేర్చుకొన్నది. తెరమీది విద్యుద్వలయముల బొమ్మలో పిల్లలు తీగను తప్పుగా కలిపినచో బ్యాటరీ మండినట్లు చూపును. వారు నవ్వి, తీగను తీసి, మరియొక విధమున కలుపుదురు. దండన లేని తప్పు, లెక్కలేనన్ని మారులు తప్పు చేయు స్వేచ్ఛ పేదవాని బిడ్డకు ఇంతకు ముందెన్నడు దొరికినది? ధనవంతుల బిడ్డలకు అది ఎప్పుడును ఉన్నదే.

అయితే తెరమీది మంట చేయి కాల్చదు. అది దాని పుణ్యము, దాని లోపము కూడ. మన పాత చాల్‌ల మెట్లక్రింద మీటర్ల పలకలు, వానలో తడిసిన తీగలు ఎట్లుండునో అందరెరుగుదురు. తప్పు చేసిన బొమ్మను ఒక్క నొక్కుతో మొదటికి తెచ్చుటకు అలవాటుపడిన చేయి ఆ తీగలవద్ద అదే ధైర్యము చూపరాదు. భయము లేకుండ నేర్పవలెను, భయపడవలసినచోట భయమును నేర్పవలెను. ఈ రెండవది మేస్త్రివద్ద, వైరుమేనువద్ద నేర్చుకొనవలసిన విద్య. దానిని తక్కువగా చూచు చదువు చదువు కాదని నా మతము.

ఇక ‘ఉచితము’ అను మాట. ఉచితముగా వచ్చినదానికి విలువ యుండదని కొందరు, ఉచితముగా తీసికొనుట ఆత్మగౌరవమునకు భంగమని కొందరు అందురు. చెమటోడ్చి బ్రతికిన మనవారిలో ఈ రెండవ మాట బలముగ నున్నది. అది మంచి గుణమే. కాని విద్య విషయమున మన పూర్వులు వేరొక లెక్క చెప్పిరి. మనుష్యునికి పుట్టుకతో దేవ ఋణము, పితృ ఋణము, ఋషి ఋణము కలవనిరి. ఋషి ఋణము ఇచ్చినవానికి తీర్చునది కాదు. చదివి, తరువాతివానికి చెప్పి తీర్చునది. 1924లో ఢాకాలోనున్న సత్యేంద్రనాథ్ బోసు తన చిన్న వ్యాసమును బెర్లినులోని ఐన్‌స్టీనునకు పంపెను. ఐన్‌స్టీను తానే దానిని జర్మనులోకి మార్చి అచ్చువేయించి, ఆ భావమును ఇంకను పెంచెను. మిక్కిలి శీతల స్థితిలో పదార్థము ఒక వింత రూపము దాల్చునని దానినుండి తేలెను. డెబ్బది యేండ్ల పిమ్మట, 1995లో, బౌల్డరులో దానిని నిజముగా చేసి చూపినవారిలో ఒకడు వీమన్. నోబెల్ బహుమానము వచ్చినది అందులకే. ఆ వీమన్ నెలకొల్పిన బొమ్మలతో నేడు మన గ్యాలరీలో బిడ్డలు చదువుకొనుచున్నారు. ఎవరు ఎవరికి ఋణపడిరో లెక్క తేల్చుడు చూతము! దానము తీసికొనుచున్నామని తలవంచుకొన నక్కరలేదు. తీసికొని ఊరకుండుటకు మాత్రము హక్కులేదు.

అయినను బొమ్మ ఉచితమైనంత మాత్రమున చదువు ఉచితమగునా? ఫోను ఉచితము కాదు. పది అడుగుల గదిలో ఆరుగురు నివసించుచోట నిశ్శబ్దము ఉచితము కాదు. 2020లో బడులు మూతబడినప్పుడు ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు, ముగ్గురికి ఒకే వేళకు పాఠము – ఇది అనేక గృహములలో జరిగినది. అప్పుడు ఫోను ఎవరికి దొరికినది? కొడుకునకు ముందు. అంట్లుతోమి, నీళ్లు పట్టి వచ్చిన తరువాత మిగిలిన బ్యాటరీ కూతురునకు. అమెరికావాడు జాతి, కులము, ఆడ, మగ అడుగక ఇచ్చినదానిని మన గుమ్మములోపల పంచునది మనము. ఈ పంపకములో జరుగు అన్యాయమునకు ఏ విశ్వవిద్యాలయమును, ఏ ప్రభుత్వమును నిందింప వీలులేదు. 1873లో జ్యోతిరావు ఫులే సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు కామాఠీపురపు తెలుగు పెద్దలు కొందరు ఆయనకు అండగా నిలిచిరి. ఆడపిల్లకు పలక ఇచ్చుటకై రాళ్లదెబ్బలు తిన్న దంపతులకు తోడుపడినవారి మునిమనుమలము; మన ఇంటిలో పలక ఎవరి చేతనున్నదో చూచుకొనుట మనకు తగును.

అంతేకాదు, అక్షయపాత్రయు, పాచికల పెట్టెయు ఒకే ఫోనులో నున్నవి. పాఠము తెరచిన వ్రేలే మరుక్షణము వెర్రినవ్వుల వీడియోలలోనికి జారును. అందుచేత ఫోను నిషేధింపవలెనను తండ్రుల బాధ నాకు తెలియును. కాని ఫెట్ వారి బొమ్మలను ఒకసారి దింపుకొనినచో తరువాత ఇంటర్నెట్ లేకయే నడుపవచ్చును. సంఘపు హాలులో ఒక పాత కంప్యూటరు, ఒక బల్ల, రాత్రి పదిగంటలవరకు వెలుగు దీపము ఉన్నచో ఈ చిక్కు సగము తీరును. హాలు వివాహములు లేని దినములలో తాళము వేసియుండుట మనము చూచుచున్నదే.

చివర భాష సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టినది ఈ బొంబాయిలోనే. దానికి రెండేండ్ల ముందే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ప్రకృతిశాస్త్రములు తెలుగున చెప్పవచ్చునని చూపిరి. 1968లో తెలుగు అకాడమి వెలసి కళాశాల పాఠ్యములను తెలుగు చేసెను. ఇక్కడ నగరపాలక సంస్థవారి తెలుగు బడులు ఏటేట తగ్గుచు వచ్చినవి. మన పిల్లలు మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదివి, ఇంట తెలంగాణపు తెలుగు మాటలాడుదురు. వారికి పెండ్యులం తెలియును, లోలకము తెలియదు. తాతకు రెండును తెలియవు. ఘర్షణ లేకున్న ఊపు ఆగదని మనుమరాలు చదివి వినిపించగా, పొరుగింటి ముసలమ్మ “గొడవలు లేకుంటే ఏదైనా మంచిగనే నడుస్తది” అని ఒప్పుకొన్నది.

ఫెట్ వారి బొమ్మలు కొన్ని తెలుగులోకి వచ్చినవి; భాష తెలిసినవారు వారి అనుమతితో తక్కినవానిని మార్చుటకు వీలున్నది. అందులో లోలకమునకు వ్రేలాడు బరువును ఇంగ్లీషున ‘బాబ్’ అందురు. దానికి గోళమనియు, భారమనియు ఏవేవో పదములు వెదకుట కంటె, మన మేస్త్రులు రెండువందల యేండ్లుగా ఈ నగరపు గోడలకు వ్రేలాడదీసిన మాట ఒకటి సిద్ధముగ నున్నది: గుండు.